చేరిందన్న మాట

విజయనగరం, కంటోన్మెంటు వైపు,
సహకార బ్యాంకు మేడ మీద కిటికీ లేని గది.
బయట వైశాఖం. లోపల ఇరవై డిగ్రీలు.
మంకీక్యాపు పెట్టుకుని కూర్చున్నాను
రాత్రి పన్నెండూ నలభైకి.

ఇక్కడ రాసిన ప్రతి పద్దునీ
హైదరాబాదులో ఇంకో డిస్కు మీద కూడా రాయాలి.
తుఫానొచ్చి మేడ ఎగిరిపోయినా లెక్క మిగలాలి.
చిక్కల్లా దూరంతోనే.
రాయబోయే ముందు అడగాలి: చోటుందా?
ఆ ప్రశ్న వెళ్లాలి, "ఉంది" అని జవాబు రావాలి,
అప్పుడు సరుకు వెళ్లాలి, "చేరింది" అని మళ్లీ రావాలి.
ఒక్క రాతకి రెండు రానూపోనూ,
ఒక్కోటీ పద్దెనిమిది మిల్లీసెకన్లు.
రెప్పపాటైనా కాదు కదా అంటారు.
లక్ష రాతల వెనక క్యూలో నిలబడి అనమనండి.

నాకీ లెక్క కొత్త కాదు.
మా అయ్య దాలినాయుడు జూట్ మిల్లులో లోడింగు మేస్త్రీ.
బండి నిండగానే
యార్డు అవతలి గోడౌనుకి కేకేసేవాడు:
"పైడితల్లీ, సోటుందేటి?"
ఎదురుగాలైతే కేక సగంలోనే రాలిపోయేది.
"ఉన్నాది, ఒగ్గీ!" అని వినపడేదాకా
చక్రాలకి రాళ్లు పెట్టుకుని
ఎండలో కూలీలు.

ఒక వేసవిలో ఆయన అడగడం మానేశాడు.
గోడౌను లెక్క కంఠతా వచ్చేసింది.
పైడితల్లి గొంతు పెట్టి తనే అనేసేవాడు:
"ఉన్నాది, ఒగ్గీ!"
నవ్వుకుంటూ బళ్లు కదిలిపోయేవి.

ఈ రాత్రి స్విచ్చుకి నేను నేర్పుతున్నదీ అదే.
దూరపు డిస్కు గొంతు పెట్టి
దగ్గరి స్విచ్చే "ఉంది, పంపు" అనేస్తుంది.
ఒక్కటే లైను.
కానీ దానికి ముందు సొరంగం మూయాలి,
రెండు కొసల్లోనూ రాయాలి,
ఒక్క కొసనే రాస్తే మళ్లీ తెరుచుకోదు.
దారులు రెండుంటే ఒకే మోపుగా కట్టాలి,
లేకపోతే మాట ఒక దారినా బదులు ఇంకో దారినా పోయి
నడుమ సరుకు దిక్కులు చూస్తుంది.

ఫోనులో అవతల నస్రీన్.
"రాశాను. నువ్వు?"
"రాశాను."
"తెరుస్తున్నా."
ఫ్యాన్ల రొద.
పచ్చదీపం వెలిగేలోపు గడిచింది ఎంతో
ఏ గ్రాఫులోనూ పడదు.

వాచ్‌మన్ తవుడు ఫ్లాస్కుతో మెట్లెక్కి వచ్చాడు.
"అయిపోనాదా అమ్మా?"
"అయిపోయినట్టే."
"అయిపోనట్టే అంటే అయిపోనట్టా, అవనట్టా?"
కుర్చీ లాక్కుని, దీపాల కేసి చూస్తూ, మెల్లగా,
"మా మిల్లోళ్ల బకాయిల లెక్క కూడా ఇందల ఉంటాదా?"

ఉంది తవుడు బాబాయ్.
పేర్లున్నాయి, అంకెలున్నాయి, రెండు ఊళ్లలోనూ ఉన్నాయి.
మూసిన ఏడు గేటుకి కాగితం అంటించారు కదా,
సొమ్ము సిద్ధం, ఓపిక పట్టండి అని.
ఆ గొంతు ఇవతలిది.
అవతల ఎవరూ లేరని తెలియడానికి
పదకొండేళ్లు పట్టింది మీకు.

స్విచ్చుకి ఒక్క అబద్ధమే అనుమతి.
చోటుందని అనొచ్చు.
"చేరింది" అన్న మాట మాత్రం
అవతలి డిస్కే చెప్పాలి, దాని నోటితోనే.
మా అయ్య కూడా ఆ మాట ఎప్పుడూ దొంగిలించలేదు.
ఆఖరి బండి పోయాక
చెవికి చెయ్యి ఆనించుకుని నిలబడేవాడు.
"సేరిపోనాయి" అని పైడితల్లి
సొంత గొంతుతో అరిచేదాకా
భుజాన తువ్వాలు దులిపేవాడు కాదు.

ఫోను వణికింది. మేనేజరు: అయ్యిందా?
వేలు "అ" దగ్గర ఆగింది.
మొదటి రాత ఇప్పుడే బయల్దేరింది.
ఉండు బాబాయ్,
టీ అప్పుడే పొయ్యకు.